పదిమంది కర్రసాము కంపెనీ

నజా మజీద్ ఊళ్ళో హమ్మాం తాయె గురించి ఎవరిని అడిగినా ఒకే మాట చెబుతారు. బరిలో వెనకడుగు వెయ్యడు, సర్కారు కచేరీలో ముందడుగు వెయ్యడు. కర్ర చేతిలో ఉంటే తనకంటే జానెడు ఎత్తున్నవాడి మీదికైనా నవ్వుతూ పోతాడు. అదే ఎరువుల సొసైటీలో గుమస్తా పేరడిగితే పక్కనున్న భార్య బదరియా మొహం చూస్తాడు. అలాంటి మనిషి నలభై ఆరో ఏట కంపెనీ పెడుతున్నాడంటే ఊళ్ళో సగంమంది నవ్వారు. మిగతా సగం నవ్వడానికి కూడా నమ్మలేదు.

నవ్వినవాళ్ళకి అతని సంగతి పూర్తిగా తెలియదనే చెప్పాలి. రెండెకరాల చెరకు, ఒక గేదె, ఒక గాడిద, నైలుకి పడమటిగట్టున మట్టి ఇల్లు. ఆస్తి అంటే అంతే. కానీ పన్నెండో ఏట షేక్ ఖినావీ దగ్గర తహ్తీబ్ నేర్చుకోవడానికి కుదిరాడు. తహ్తీబ్ అంటే కర్రసామే, కాకపోతే సన్నాయీ డోలూ లేకుండా అడుగు పడదు. షేక్ ఖినావీ మొదటి ఏడాదంతా కర్ర ముట్టుకోనివ్వలేదు. పాటకి గుండ్రంగా నడిపించాడు, అంతే. "నడక రానివాడికి కర్రెందుకురా, గొర్రెల్ని తోలుకోమను" అనేవాడు. ఆ నడక చూసే బదరియా తనని చేసుకుందని హమ్మాం చెప్పుకుంటాడు. వేరే సంబంధం రాక చేసుకున్నానని బదరియా చెబుతుంది.

బరిలో ఒక పద్ధతుంది. ఆడి అలసినవాడు తన కర్రని చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒకరికి అందిస్తాడు. ఆ మనిషి వెంటనే తీసుకోకూడదు. గుండెమీద చెయ్యి వేసుకుని, పక్కాయన్ని చూపించి, "ఆయనుండగా నేనెంత" అనాలి. పక్కాయన ఇంకో పెద్దని చూపించాలి. కర్ర అలా రెండు చుట్లు తిరిగి మూడోసారి తన దగ్గరికి వస్తేనే పుచ్చుకోవాలి. మొదటిసారే చెయ్యి చాచినవాణ్ణి ఆత్రగాడంటారు. ఆ పేరు ఒకసారి పడితే వాడికి పిల్లనివ్వడానికి కూడా వెనకాడతారు. హమ్మాం ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ పేరు తెచ్చుకోలేదు.

ఇప్పుడతని బృందంలో పదిమంది. కర్ర పట్టేవాళ్ళు ఏడుగురు, సన్నాయిలు ఇద్దరు, డోలు ఒకడు. హమ్మాంకి సరిజోడు నూబీ, బదరియాకి స్వయానా అన్న. చెరకు ట్రాక్టరు నడుపుతాడు, మనిషి గుమ్మంలో పట్టడు, కానీ బరిలో దిగితే పిల్లిలా తిరుగుతాడు. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడితే తిరనాళ్ళలో వేయించిన శనగలు అమ్మేవాడు కూడా తక్కెడ వదిలేసి వచ్చి చూస్తాడు.

ఆ వసంతంలో అలాంటి తిరనాళ్ళలోనే ఎర్ర సముద్రం ఒడ్డు హోటలు ఆసామీ ఒకడు వీళ్ళ ఆట చూశాడు. నవంబరు నుంచి మార్చి దాకా ప్రతి శుక్రవారం వచ్చి ఆడమన్నాడు. ఐదు నెలల పని! ఊరు ఊరంతా పండగ చేసుకుంది. అక్టోబరు మొదట్లో హోటలు నుంచి ఉత్తరం వచ్చింది. వాణిజ్య రిజిస్టరు నకలు, పన్ను కార్డు, ముద్ర వేసిన బిల్లు, ఈ మూడూ నెలాఖరులోగా పంపండి, లేకపోతే ఒప్పందం లేదు అని.

నూబీ ఇంటి ముందు అరుగుమీద పదిమందీ చేరారు. తారులా నల్లగా కాచిన టీ గ్లాసులు తిరుగుతున్నాయి.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు నూబీ. "హమ్మాం, నువ్వు రేపే పట్నం వెళ్ళి నీ పేర ఒక సంస్థ రాయించెయ్. ఒంటి పేరున అయితే ఒక్క పూటలో అయిపోతుందట. మేమెప్పటిలాగే వచ్చి ఆడతాం."

"రాయించెయ్ అన్నా," అన్నారు మిగతావాళ్ళు.

హమ్మాం గ్లాసు కింద పెట్టాడు. "జాద్ కూడా అలాగే రాయించుకున్నాడు బావా."

టీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగాయి. జాద్ పేరు ఆ ఊళ్ళో అలాంటిది.

పాతికేళ్ళ కిందట రయ్యిస్ జాద్ అనే పట్నం మనిషి ఈ ఊరి కుర్రాళ్ళని పోగుచేసి "నజా మజీద్ కర్రసాము బృందం" అని పెట్టాడు. మీరంతా నాకు కొడుకులు, కాగితాల గొడవ మీకెందుకు అని తన ఒక్కడి పేర రిజిస్టరు చేయించాడు. చెడ్డవాడేం కాదు. మొదటి ఏడాది వాళ్ళతో ఒకే పళ్ళెంలో తిన్నాడు. నాలుగో ఏడాదికి బస్సులో ముందు సీటు ఆయనది, భోజనం ఆయన తిన్నాక వీళ్ళది. ఎవడైనా కిక్కురుమంటే, "నేను లేకపోతే మీ మొహం చూసేదెవడ్రా" అనేవాడు. ఒకరోజు గుండె ఆగి పోయాడు. బృందం ఆయన ఒక్కడి పేరున ఉంది కాబట్టి వారసులకు పోయింది. అలెగ్జాండ్రియాలో అత్తర్ల కొట్టు పెట్టుకున్న అల్లుడు దాన్ని చేజిక్కించుకున్నాడు. ఆ అల్లుడు జన్మలో కర్ర పట్టింది లేదు. కైరో నుంచి కండలవాళ్ళని నలుగురిని కూలికి తెచ్చి ఆడిస్తున్నాడు. రెండేళ్ళ కిందట హమ్మాంవాళ్ళు ఒక ఉత్సవంలో ఊరి పేరుతో గుడ్డ కడితే, ఆ పేరు మాది అని లాయరు నోటీసు పంపించాడు. ఊరు వీళ్ళది, పేరు అత్తర్లవాడిది.

"అది జాద్. నువ్వు మనవాడివి," అన్నాడు నూబీ చివరికి.

"ఆ రోజుల్లో జాద్ కూడా మనవాడే బావా. నజ్లాని అడుగుదాం."

నజ్లా నూబీ కూతురు. ఖూస్ బజారులో మందుల షాపు పైన లాయరు బోర్డు పెట్టి మూడేళ్ళయింది. తండ్రి లాగే నోరు పెద్దది. తండ్రీ మామయ్యా కలిసి మెట్లెక్కి వస్తుంటే చూసి, "ఎవర్ని కొట్టారు?" అంది.

సంగతి విన్నాక కుర్చీ ముందుకు లాక్కుని మొదలుపెట్టింది. "ఒంటి పేరు సంస్థ సంగతి మీకు జాదే నేర్పి పోయాడు. సులువు, చవక. కానీ బృందం అంటే మామయ్య ఒక్కడే. మిగతా తొమ్మిదిమందీ చట్టం కళ్ళకి కూలివాళ్ళు. మామయ్య పోతే మీరంతా బదరియా అత్తకి ఆస్తిగా వస్తారు."

"దానికంత పని పెట్టను," అన్నాడు హమ్మాం.

"పదిమందీ భాగస్వాములుగా చేరే పొత్తు సంస్థ ఇంకోటి ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ అందులో ఒకడి తప్పుకి అందరి ఇళ్ళూ పూచీ. మీ షహాత్ కర్ర జారి ఆ మధ్య పెళ్ళిలో లౌడ్‌స్పీకర్‌ని పగలగొట్టాడా లేదా?"

"గాలి తోసింది," అన్నాడు నూబీ.

"సరే, ఆ గాలి హోటల్లో తోసి గాజు దీపాల గుత్తి కిందపడితే? సంస్థ కట్టలేకపోతే నీ ట్రాక్టరూ మామయ్య గేదే కూడా జప్తుకి వెళ్తాయి నాన్నా. పొత్తు అంటే అదీ."

నూబీ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. గేదె సంగతి అతనికేం పట్టలేదు గానీ ట్రాక్టరు మాట గుచ్చుకుంది.

"సంఘంగా పెట్టుకోకూడదా? మసీదు కమిటీ లాగా?" అన్నాడు హమ్మాం.

"పెట్టుకోవచ్చు. కళని కాపాడుతున్నాం అని రాసుకోవచ్చు. కానీ సంఘానికి వచ్చింది సంఘానికే పోవాలి. మీరు పంచుకోకూడదు. హోటలువాడిచ్చిన దానితో షహాత్ కూతురికి చెప్పులు కొంటే తప్పు." నజ్లా వేలు ఎత్తింది. "మీకు కావాల్సింది పరిమిత బాధ్యత కంపెనీ. పదిమందికీ సమానంగా వాటాలు. కంపెనీ నష్టం కంపెనీది, మీ చెరకు మీది. పేరు కంపెనీది, ఏ ఒక్కడిదీ కాదు. కాకపోతే దీనికి నియమాల పత్రం రాయాలి, పదిమందీ వచ్చి సంతకాలు పెట్టాలి, ఒక మేనేజరు ఉండాలి. నెలాఖరుకి అవుతుందో లేదో గట్టిగా చెప్పలేను."

"రాయి," అన్నాడు హమ్మాం.

"సన్నాయివాళ్ళు కూడానా?" అన్నాడు నూబీ, గొంతు తగ్గించి. పొలమున్నవాళ్ళు సన్నాయివాళ్ళ పక్కన పేరు రాయించుకోవడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు.

"షమందీ ఊదకపోతే నువ్వెలా తిరుగుతావు బావా? ఈలేసుకుంటూ తిరుగుతావా?"

నజ్లా నవ్వి పది పేర్లు రాసుకుంది.

పదకొండో పేరు కూడా రాయిద్దామని హమ్మాం షేక్ ఖినావీ ఇంటికి వెళ్ళాడు. ఎనభై దాటిన మనిషి, మంచంమీద ఒత్తిగిలి ఖర్జూరం నములుతున్నాడు. అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"నా పేరొద్దురా. నేనెన్నాళ్ళుంటాను? నేను పోతే నా వాటా మనవళ్ళకి. ఒకడు కువైట్‌లో ఏసీలు బాగుచేస్తాడు, ఇంకొకడు ఇటలీలో రొట్టెలు కాలుస్తాడు. కర్ర అంటే పొయ్యిలో పెట్టేది అనుకుంటారు. నీ కంపెనీలో మళ్ళీ అత్తర్లవాళ్ళు చేరతారు." ఖర్జూరం గింజ ఉమ్మి, వేలు ఆడించాడు. "ఇదొక్కటి రాయించు. పోయినవాడి వాటాకి విలువ కట్టి ఇంటివాళ్ళ చేతిలో పెట్టండి. చోటు మాత్రం ఆడేవాడికే ఇవ్వండి."

ఆ మాట చెబితే నజ్లా కలం ఆపి, "తాతని లా కాలేజీకి పంపాల్సింది," అంది. మర్నాటికల్లా అది ఏడో నియమమై కూర్చుంది.

ఇరవయ్యో తేదీన పదిమందీ ఉతికిన పొడుగు గల్లాబియా చొక్కాలు తొడుక్కుని, తలపాగాలు బిగించుకుని మైక్రోబస్సులో పట్నం వెళ్ళారు. పాపం నజ్లాకి ఆ పొద్దున ఖూస్ కోర్టులో ఒక కేసు వాయిదా ఉంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, అడిగినదానికి జవాబు చెప్పండి చాలు అని పంపించింది. అదే పొరపాటయింది.

రిజిస్టరు కచేరీలో గుమస్తా సముద్రపు ఊళ్ళనుంచి బదిలీ మీద వచ్చినవాడు. మర్యాదస్తుడు. కళ్ళజోడు తుడుచుకుని, కాగితాలు తిరగేసి, "బాగున్నాయి. మేనేజరు ఎవరండీ?" అన్నాడు.

"హమ్మాం," అన్నాడు నూబీ.

హమ్మాం చెయ్యి దానంతటదే గుండెమీదికి పోయింది. "అస్తగ్‌ఫిరుల్లా, అపచారం! మా బావ ఉండగా నేనెంత?"

నూబీ చెయ్యీ గుండెమీదికి పోయింది. "అదేం మాట! షమందీ మా అందరికంటే పెద్ద."

"నేనా? సన్నాయి ఊదుకునేవాణ్ణి," అని షమందీ బుగ్గలు పొంగించి డోలువాణ్ణి చూపించాడు. డోలువాడు షహాత్‌ని చూపించాడు. షహాత్ సిగ్గుతో మెలికలు తిరిగి పక్కవాణ్ణి చూపించాడు. మాట పదిమందినీ చుట్టి మళ్ళీ హమ్మాం దగ్గరికి వచ్చింది. హమ్మాం మళ్ళీ బావని చూపించాడు. గుమస్తా మెడ అటూ ఇటూ తిరిగీ తిరిగీ ఆగింది.

"అంటే మీలో ఎవరికీ ఇష్టం లేదా?"

"అయ్యో, అలా అనకండి సారూ. ఇష్టముంది!"

"మరి ఎవరు?"

"ఈయనే," అని పదిమందీ పక్కవాళ్ళని చూపించారు.

గుమస్తా నిట్టూర్చి, వాటాదారులు నిర్వహణ బాధ్యత స్వీకరించుటకు నిరాకరించినారు అని రాసి, ముద్ర గుద్ది, ఫైలు మూసేశాడు. "తర్వాతవారు రండి."

"సారూ, ఇంకా మూడోసారి రాలేదు!" అని హమ్మాం బల్లమీదికి వంగాడు.

"మూడోసారి ఇరవై తొమ్మిదో తేదీకి రండి. అంతవరకూ ఖాళీ లేదు."

సంగతి తెలిసి నజ్లా ఫోన్లో తండ్రిని ఎంత తిట్టిందంటే, నూబీ ఫోనుని చెవికి మూరెడు దూరంలో పట్టుకుని విన్నాడు.

ఆ మర్నాడే హోటలు నుంచి కబురు. కాగితాలు సిద్ధంగా ఉన్న ఇంకో బృందం వచ్చి అడుగుతోంది, మీ సంగతి తేల్చండి అని. ఆ ఇంకో బృందం ఎవరిదో వేరే చెప్పాలా? అత్తర్లవాడిదే. నజా మజీద్ పేరు పెట్టుకుని, నజా మజీద్‌వాడు ఒక్కడూ లేకుండా, నజా మజీద్ పని ఎగరేసుకుపోవడానికి వచ్చాడు.

నూబీ అరుగుమీద మళ్ళీ అందరూ చేరారు. ఈసారి టీ ఎవరూ తాగలేదు.

"ఇరవై తొమ్మిదిన ఇంకేదో కొర్రీ వేస్తే? రెండు రోజుల్లో ఏం చేస్తాం?" అన్నాడు నూబీ. "కంపెనీ మాట తర్వాత చూద్దాం హమ్మాం. ఇవాళ వెళ్ళి నీ పేర రాయించు. మాకు నీమీద నమ్మకం ఉంది."

తొమ్మిదిమందీ ఔనన్నారు. ఇది రెండోసారా మూడోసారా అని లెక్కపెట్టేవాళ్ళెవరూ లేరు. మనస్ఫూర్తిగా అన్న మాట. హమ్మాంకి ఛాతీ పొంగింది. ఆలోచించి చెబుతానని ఇంటికి నడిచాడు గానీ, దారిలో ఆలోచించింది బోర్డు గురించే. ఆకుపచ్చ రంగు మీద తెల్ల అక్షరాలైతే దూరానికి బాగా కనిపిస్తాయి.

బదరియా డాబా మీద ఎండకి పొంగబెట్టిన రొట్టెల్ని తిప్పుతోంది.

"అందరూ నా పేరే రాయించమంటున్నారు," అన్నాడు హమ్మాం మెట్ల మీంచే.

"మంచిదే. బోర్డు మీద ఏం రాయిస్తావు?"

బోర్డు సంగతి దీనికెలా తెలిసిందా అని ఒక క్షణం బిత్తరపోయాడు. "హమ్మాం తాయె కర్రసాము సంస్థ."

"బావుంది. దానికింద ఇంకో వరస రాయించు. నేను లేకపోతే మీ మొహం చూసేదెవడ్రా, అని."

"అది జాద్ మాట కదే."

"మొన్న గురువారం పెళ్ళిలో షహాత్ ఆలస్యంగా వస్తే, నలుగురి ముందూ వాడితో అన్నదెవరు?"

"నేనలా అనలేదు."

"ఆడవాళ్ళ అరుగుమీద కూర్చుని చెవులారా విన్నాను. గొంతు నీది, మాట జాద్‌ది." ఆమె రొట్టె తిప్పడం ఆపలేదు. "మా అన్నకి నీమీద నమ్మకమట. నాకూ ఉందిలే. కానీ ఇంకో నాలుగేళ్ళు పోయాక నువ్వు ఎలా ఉంటావో నాకు తెలియదు. నీకు తెలుసా?"

హమ్మాం మెట్టుమీదే కూలబడ్డాడు. అన్నాడు. నిజంగానే అన్నాడు. అన్నప్పుడు షహాత్ తల వంచుకుని నిలబడ్డ తీరు ఇప్పుడు గుర్తొచ్చింది. పాతికేళ్ళప్పుడు బస్సు పక్కన ఖాళీ గిన్నె పట్టుకుని తాను కూడా అలాగే నిలబడ్డాడు. జాద్‌ని ఇన్నేళ్ళు తిట్టుకున్నాడు, జాద్ తన నోట్లోకి ఎప్పుడు దూరాడో తెలుసుకోలేదు.

పొద్దున్నే హమ్మాం షహాత్ చెరకు తోటకి వెళ్ళాడు. షహాత్ ముప్పై ఏళ్ళవాడు, మంచి చెయ్యి, కాస్త నిద్రమొహం.

"తమ్ముడూ, ఆ పెళ్ళిలో నిన్నొక మాట అన్నాను."

"అన్నావా అన్నా? నాకు గుర్తులేదే."

"గుర్తుంది. నన్నంటే నాకు ఇరవై ఏళ్ళయినా గుర్తుంది. తప్పయిపోయింది."

షహాత్ ఒక చెరకుగడ విరిచి ఇచ్చాడు. ఇద్దరూ గట్టుమీద కూర్చుని నమిలారు. అది అయ్యాక హమ్మాం తన జన్మలో చెయ్యని పని చేశాడు. బదరియా పక్కన లేకుండా, తనంతట తానే హోటలు ఆసామీకి ఫోన్ చేశాడు.

"సారూ, నేను హమ్మాం తాయెని. అత్తర్లాయన దగ్గర కాగితం ఉంది, కర్ర పట్టేవాడు లేడు. మా దగ్గర కర్రలున్నాయి, కాగితం వస్తోంది. మీ అతిథులు చూడ్డానికొచ్చేది ఏదో మీరే చెప్పండి."

అవతల ఆ మనిషి నవ్వాడు. "ముప్పై ఒకటో తేదీ సాయంత్రం దాకా చూస్తాను. ఒక్క గంట కూడా ఆగను."

హమ్మాం అక్కణ్ణుంచి తిన్నగా ఖూస్ వెళ్ళి, నజ్లా దగ్గర తలుపు వేసుకుని కూర్చుని, పత్రంలో ఇంకో నియమం చేర్పించాడు. నజ్లా రెండుసార్లు అడిగింది, నిజంగానేనా మామయ్యా అని. రెండుసార్లూ రాయమన్నాడు. ఆ సాయంత్రం అరుగుమీద, "ఒంటి పేరు వద్దు, కంపెనీయే. ఇరవై తొమ్మిదిన అందరూ రండి," అన్నాడు. నూబీ ఏదో అనబోయి అతని మొహం చూసి ఊరుకున్నాడు. బరిలో ఆ మొహం చూసినప్పుడు నూబీ కర్ర కాస్త పైకెత్తి పట్టుకుంటాడు.

ఇరవై తొమ్మిదిన నజ్లా కూడా వచ్చింది, పదిమందినీ మేకల్ని తోలినట్టు తోలుకుంటూ. అదే గుమస్తా. వీళ్ళని చూసి కళ్ళజోడు తీసి, ముక్కు నలుపుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "అడగమంటారా? మేనేజరు ఎవరు?"

నూబీ నోరు తెరవబోయాడు. చేతులు గుండెలమీదికి లేవబోయాయి.

"నేను," అన్నాడు హమ్మాం.

ఎవరూ ఇవ్వకముందే పుచ్చుకున్నాడు. షమందీ నోరు వెళ్ళబెట్టాడు. షహాత్ నేలచూపులు చూశాడు. హమ్మాంకి చెవులు కాలిపోయాయి, ఊళ్ళో ఆత్రగాడన్న పేరు ఖాయమనుకున్నాడు. అయినా బల్లమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "హమ్మాం తాయె. రాసుకోండి సారూ."

గుమస్తా గబగబా రాసుకున్నాడు, మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని. నజ్లా నియమాలన్నీ పైకి చదివింది. అందరూ తలలు ఊపారు, ఒక్కడూ వినలేదు. పది సంతకాలు పడ్డాయి, అందులో రెండు వేలిముద్రలు. మధ్యాహ్నం రెండింటికి రిజిస్టరు నకలు చేతికి వచ్చింది. పడమటిగట్టు కర్రసాము కంపెనీ. నజ్లా ఫోనుతో ఫోటో తీసి హోటలుకి పంపింది. పన్ను కార్డూ ముద్ర వేసిన బిల్లూ రేపు పొద్దున వస్తాయని రాసింది. పావుగంటలో జవాబు. వచ్చే శుక్రవారం రండి, బస్సు మేమే పంపుతాం.

కచేరీ బయట పిట్టగోడ మీద వరసగా కూర్చుని మూటలు విప్పారు. రొట్టె, పాత జున్ను, పచ్చి ఉల్లిపాయలు. అందరికీ ఒకేసారి నోళ్ళు లేచాయి. శుక్రవారం ఎవరు ముందు ఆడాలి, సముద్రం నీళ్ళు నిజంగా ఎర్రగా ఉంటాయా, ఇలాంటివి. నూబీ మాత్రం నియమాల పత్రం ఒళ్ళో పెట్టుకుని వేలితో ఒక్కో మాటా పట్టుకుంటూ చదువుతున్నాడు. తన పేరు ఎక్కడెక్కడుందో చూసుకోవాలని అతని ముచ్చట. చదివి చదివి ఒకచోట వేలు ఆపాడు.

"హమ్మాం, ఇదేంటి? మేనేజరుని తొలగించడానికి ఎనిమిది వాటాలు చాలు. కారణం చెప్పక్కర్లేదు. అతని ఒప్పుదల అక్కర్లేదు."

"మామయ్యే రాయించాడు నాన్నా," అంది నజ్లా. "లోపల చదివాను, నువ్వు తలపాగా సర్దుకుంటున్నావు."

నూబీ మళ్ళీ మొదటినుంచి చదివాడు. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. హమ్మాం ఒక్కడూ పోగా తొమ్మిదిమంది.

"అంటే నువ్వు వద్దన్నా మేం నిన్ను దించెయ్యొచ్చు."

"దించెయ్యొచ్చు."

"ఎందుకిది? నీమీద నమ్మకం ఉందన్నాం కదా."

"జాద్ మీద నాకు లేదా బావా? ప్రాణం పెట్టాను. ఆయనకీ తనమీద ఉండే ఉంటుంది." హమ్మాం చేతిలో రొట్టె అలాగే ఉంది. "ఆయన చెడ్డప్పుడు ఆయన్ని దిగమనడానికి మన చేతిలో ఏమీ లేకపోయింది. నేను కూడా షహాత్‌తో ఆ మాట ఒకసారి అన్నాను. మళ్ళీ అంటే నన్ను దించెయ్యండి. మొహమాటపడొద్దు."

అలాంటి మాటకి ఆ ఊళ్ళో జవాబు ఒకటే ఉంటుంది. గుండెమీద చెయ్యి వేసుకుని, అల్లా ఆ రోజు చూపించకుండా గాక, నువ్వు లేకుండా మేమెంత అనాలి. నూబీ చెయ్యి లేచింది. అందరూ అతని వంకే చూస్తున్నారు. సగం దూరం వెళ్ళిన చేతిని మళ్ళీ మోకాలిమీద పెట్టుకుని, నూబీ హమ్మాం కళ్ళలోకి సూటిగా చూశాడు.

"దించేస్తాం," అన్నాడు.

షహాత్ తల ఊపాడు. ఆ తర్వాత షమందీ, డోలువాడు, మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఊపారు. తన జన్మలో ఎవరూ తనకి ఇంత మర్యాద చెయ్యలేదనిపించింది హమ్మాంకి. కళ్ళనీళ్ళు తిరుగుతుంటే, చేతిలో రొట్టెని తుంచి ముందు షహాత్‌కి అందించాడు.